గాలి తగలని మహాగని

2018 మే నెలలో నన్ను సంగారెడ్డి జిల్లా సామాజిక వన విభాగానికి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు. మా శాఖలో రేంజ్ ఆఫీసరు కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద బీట్ ఆఫీసర్లు ఉంటారు. పైన డివిజనల్ ఆఫీసరు ఉంటాడు. క్షేత్రంలో జరిగినదానికి సంతకం పెట్టి జవాబు చెప్పవలసినవాడు రేంజ్ ఆఫీసరే. సామాజిక వన విభాగంలో మాత్రం అడవి ఉండదు. రోడ్ల పక్కన, చెరువు గట్ల మీద, బడుల్లో, కంపెనీల ఆవరణల్లో నాటిన మొక్కలుంటాయి. వాటిలో ఎన్ని బతికాయో చూసి ధ్రువీకరించడం మా పని. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆదిలాబాద్ టేకు అడవుల్లో గడిపిన నాకు ఈ పని మొదట్లో చిన్నతనంగానే తోచింది.

ఆ ప్రాంతం నాకు కొత్తది కాదు. గుమ్మడిదల వైపు ఇవాళ మందుల కంపెనీల పొగగొట్టాలు కనిపించే భూముల్లో కొంత భాగం మా తాతగారి కాలంలో మా ఇంటిది. సీలింగు చట్టానికి కొంత, వ్యాజ్యాలకు కొంత, మా పెదనాన్నల సరదాలకు కొంత పోయింది. కోటలాంటి మా పాత ఇల్లు, గడి, గోడ ఒకటి మిగిలితే దానికి ఎవరో లేఅవుటు వాళ్లు రంగు వేసి తమ బోర్డు తగిలించుకున్నారు. ఈ సంగతి నేను ఉద్యోగంలో ఎక్కడా ప్రస్తావించలేదు. కంపెనీల్లో తనిఖీకి వెళ్లినప్పుడు వాళ్లిచ్చిన టీ తాగకపోవడం, వేసిన కుర్చీలో కూర్చోకపోవడం మాత్రం నా పద్ధతి. "భూములు పోయినయి గని నడుము వంగలే" అని నా వెనుక ఊళ్లో అనుకునేవారని మా జీపు డ్రైవరు చెప్పాడు. నేను దాన్ని నిందగా తీసుకోలేదు.

నేను చెప్పబోయేది మరుసటి ఏడు తొలకరికి ముందు, గుమ్మడిదల మండలంలో ఒక మందుల కంపెనీ ఆవరణలో జరిగింది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

ఆ కంపెనీ పెద్ద గేటు నుంచి ఆఫీసు భవనం దాకా పొడవైన రోడ్డు ఉండేది. ఒక పక్క గోదాముల గోడ, మరో పక్క ప్రహరీ, రెండూ ఎత్తైనవే. ఆ రెండు గోడల నడుమ, రోడ్డుకు ఇరుపక్కలా మహాగని చెట్లు నాటారు. నేను మొదటిసారి చూసినప్పుడు వాటి వయసు ఆరేళ్లు. ఎత్తు రెండంతస్తుల మేడను దాటింది. ఒక్క చెట్టుకు వంకర లేదు, ఒక్క కొమ్మ పక్కకు పోలేదు. దారం పట్టి గీసినట్లుండేవి. ప్రతి చెట్టుకూ మూడు వైపుల నుంచి ఇనుప తీగలు లాగి, నేలలో మేకులకు కట్టి, బిగించే మరలు పెట్టారు. తీగ తగిలే చోట బెరడు దెబ్బతినకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టారు.

ఆ పని చేసినవాడు సాయిలు. ఆ ఊరివాడే. కంపెనీ రోడ్డు కింద అతని పొలం పోయింది. ఇంటికొక పర్మినెంటు కొలువు ఇస్తామన్న మాట మీద భూమి ఇచ్చాడు. వచ్చింది కాంట్రాక్టరు కింద మాలి పని. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. అందరినీ "సార్" అనేవాడు, నన్ను మాత్రం "దొరా" అనేవాడు. అలా పిలవవద్దని ఒకసారి చెప్పాను. "మా అయ్య మీ గడిల నీళ్లు మోసిండు. ఇప్పుడు సార్ అంటే నాలిక తిరుగదు దొరా" అన్నాడు. అందులో గౌరవమెంతో, దెప్పిపొడుపెంతో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ మొదటి తనిఖీ రోజు అతను ఒక తీగను వేలితో మీటి నాకు వినిపించాడు. తంబూరా తీగలా మోగింది. వారం వారం అన్ని మరలూ తిప్పుతానని, కిందటి ఏడు ఈదురుగాలికి షెడ్డు రేకులు లేచిపోయినా తన చెట్లలో ఒక్కటీ కదలలేదని చెప్పాడు. "గాలికి గూడ నా చెట్ల మీద చెయ్యేసే హక్కు లేదు" అన్నాడు. నేను తీగలు కాస్త వదులు చేయాలని, మొక్క వేళ్లూనుకున్న తరువాత ఆసరా తీసేయాలని చెప్పి, తనిఖీ నివేదికలో కూడా అదే రాశాను. మేం రాసిన సూచనల్లో కంపెనీలు పాటించేవి తక్కువ. ఇది కూడా పాటించలేదు.

మరుసటి జూన్‌లో పరిశ్రమల్లో పచ్చదనానికి ఇచ్చే ఒక పురస్కారం కోసం హైదరాబాదు నుంచి బృందం వస్తున్నదని, దానికి ముందు మా శాఖ ధ్రువీకరణ కావాలని ఆ కంపెనీ నుంచి కబురొచ్చింది. బృందం వచ్చేది మరునాడు. నేను ఉదయం పది గంటల వేళ వెళ్లాను. అడ్మిన్ మేనేజరు మూర్తి గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చెట్ల మొదళ్లకు తెల్ల సున్నం, ఎర్ర గేరు పట్టీలు కొత్తగా వేయించారు. తీగలు, మేకులు, మరలు ఏవీ కనబడలేదు. ఫోటోల్లో తీగలు వికారంగా పడుతున్నాయని తెల్లవారగానే అన్నీ కత్తిరింపజేశానని మూర్తి సంతోషంగా చెప్పాడు. సాయిలు అక్కడ లేడు. ఇంద్రేశంలో చెల్లెలి ఇంట్లో శుభకార్యం ఉంటే సెలవు పెట్టి వెళ్లాడు. తీగలు కత్తిరించింది లోడింగు పని చేసే ఒడిశా కూలీలు.

మేం రోడ్డు మొదట్లో నిలబడి మాట్లాడుకుంటున్నాం. గాలి లేదు. ఉక్కపోతగా ఉంది. ఎదురుగా ఉన్న చెట్టు కొన కొద్దిగా కదిలినట్లనిపించింది. నీడ కదిలిందేమో అనుకున్నాను. ఆ కొన ఇంకొంచెం వంగింది. పెద్ద చేప పడిన గాలం కర్రలా కాండం పైనుంచి కిందికి వంపు తిరుగుతూ వచ్చింది. తొందర లేదు, చప్పుడు లేదు. చివరికి ఆకుల గుత్తి రోడ్డు మీద ఆనింది. దాని పక్క చెట్టు, దాని ఎదురు చెట్టు వంగడం మొదలుపెట్టాయి. కాసేపటికి గోడ మీదుగా చిన్న తెమ్మెర వచ్చింది, చెమట ఆరేంత మాత్రం. దానికే ఒక చెట్టు తీగ కట్టిన చోట పుటుక్కున విరిగి, పై సగం మా జీపు ముందు పడింది. కొద్దిసేపట్లోనే ఆ రోడ్డంతా పచ్చటి ఆకులతో మూసుకుపోయింది.

చెట్లు పడటం నేను చాలా చూశాను. గొడ్డలికి పడతాయి, చెదకు పడతాయి, వరదకు పడతాయి. ఆకు వాడకుండా, వేరు లేవకుండా, ఏ దెబ్బా తగలకుండా నిలబడే ఓపిక లేనట్లు ఒకదాని తరువాత ఒకటి పడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. కారణం నాకు పుస్తకంలో తెలిసిందే. అయినా తెలిసిన విషయం కళ్ల ముందు జరిగితే ఇంత అపరిచితంగా ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

మూర్తి నాకంటే ముందు తేరుకున్నాడు. అతని మొదటి మాట, "సాయిలు పనే ఇది." వారం కిందట పర్మినెంటు ఉద్యోగం గురించి అతనితో సాయిలు గొడవ పడ్డాడట. "ఈ చెట్లు పెంచిన చేతులతోనే పీకేస్త" అన్నాడట. విన్నవాళ్లు ఉన్నారు. సరిగ్గా పురస్కారానికి ముందు రోజు సెలవు పెట్టాడు. కంపెనీలో ద్రావకాలకు కొరత లేదు; ఏదో ఒకటి వేళ్లకు పోసి ఉంటాడని మూర్తి తేల్చేశాడు. ఒక మనిషిని జైలుకు పంపే మాట ఇంత సులువుగా రావడం నన్ను చెట్లు పడిపోవడం కంటే తక్కువ నివ్వెరపరచలేదు. నేను అభ్యంతరం చెప్పేలోపే అతను పోలీసులకు ఫోన్ చేశాడు.

ఎస్సై నర్సింలు వచ్చాడు. వయసులో చిన్నవాడు, పనిలో నిదానం తెలిసినవాడు. ముందు కూలీలను అడిగాడు. వాళ్లలో పెద్దవాడు చేతులు జోడించి, "సాబ్, హమ్‌నే సిర్ఫ్ తార్ కాటా" అన్నాడు. తాము తీగలే కోశామని, ఇంకేమీ ముట్టలేదని. చెట్లకు దయ్యం పట్టిందని అతని తోటివాళ్లు అప్పటికే గోదాములోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి సాయిలును ఇంద్రేశం నుంచి తీసుకొచ్చారు. కొత్త బట్టల్లోనే ఉన్నాడు, నుదుట బొట్టు ఆరలేదు. వెంట అతని భార్య ఎల్లవ్వ. అతను ఎస్సైని చూడలేదు, మూర్తిని చూడలేదు. రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వెళ్లి ఒక చెట్టును రెండు చేతులతో లేపి నిలబెట్టాడు. పట్టుకున్నంతసేపు అది నిలబడింది. వదలగానే మళ్లీ పడుకుంది. ఇంకొకదాన్ని లేపాడు. అదీ అంతే. "ఎవడు చేసిండు?" అని ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. మూర్తి, "నువ్వే" అన్నాడు. సాయిలు ఆ మాట విన్నట్లు కూడా లేదు.

కేసు నమోదు చేయాలంటే చెట్ల నష్టానికి కారణం ఏమిటో శాఖాపరంగా ఒకరు చెప్పాలి. దాన్ని నిపుణుల అభిప్రాయం అంటారు. అక్కడ ఆ అర్హత ఉన్నవాణ్ని నేనే. విషప్రయోగం అని నేను రాస్తే సాయిలు ఆ సాయంత్రమే స్టేషనుకు, అక్కడి నుంచి జైలుకు. కాదని రాయాలంటే మరి ఏమిటో చెప్పాలి. నర్సింలు నన్ను పక్కకు పిలిచి, "సార్, చెట్లకు పోస్టుమార్టం చేస్తారా? మాకు మనుషులకే డాక్టరు దొరుకుతలేడు" అన్నాడు. మరునాటి మధ్యాహ్నం వరకు గడువు అడిగాను. అతను ఒప్పుకున్నాడు. మూర్తికి అది నచ్చలేదు. పాత దొరలకూ పాత జీతగాళ్లకూ మధ్య బంధం తమకూ తెలుసని, నాకు వినబడేట్లు ఎవరితోనో ఫోన్‌లో అన్నాడు. అటువంటి మాటకు జవాబివ్వడం మా ఇంటి పద్ధతి కాదు.

పంచనామా వెంటనే మొదలుపెట్టాను. మొదట వేళ్ల చుట్టూ మట్టి తవ్వించాను. ద్రావకం వాసన లేదు. సన్న వేళ్ల కొసలు తెల్లగా, తాజాగా ఉన్నాయి. బెరడు గోకి చూస్తే లోపల తడిగా, జిగురుగా ఉంది. విషం తాకిన చెట్టు ముందు ఆకులు మాడ్చుకుంటుంది, ఆ తరువాతే పడుతుంది. ఇవి నేల మీద పడి కూడా పచ్చగా ఉన్నాయి. అంటే బతికే ఉన్నాయి. ఏ రోగమూ లేదు, ఆకలి లేదు, దాహం లేదు. నిలబడటం ఒక్కటే రాదు. మట్టి నమూనా ప్రయోగశాలకు పంపించాను గాని, దాని ఫలితం ఏమి వస్తుందో నాకప్పటికే సందేహం లేదు.

ఇక్కడ పాఠకులకు కొంచెం చెప్పాలి. చెట్టు బలం పుట్టుకతో వచ్చేది కాదు. బెరడుకూ కట్టెకూ నడుమ పలుచని జీవపొర ఒకటుంటుంది. కొత్త కట్టెను పేర్చేది అదే. గాలికి కాండం ఊగినప్పుడల్లా ఒక పక్క సాగుతుంది, ఎదురు పక్క నలుగుతుంది. ఎక్కడ ఒత్తిడి ఎక్కువ పడిందో అక్కడ ఆ పొర ఎక్కువ కట్టె పేరుస్తుంది. ఊపు దెబ్బ ఎక్కువగా తగిలేది మొదట్లో కనుక మొదలు లావెక్కుతుంది, పైకి పోయినకొద్దీ సన్నబడుతుంది. వేళ్లు కూడా గాలి లాగే దిక్కుకు తగినట్లు లావవుతాయి. చెట్టు ఒక పక్కకు ఒరిగితే పని ఇంకా విచిత్రం. టేకు, వేప, మహాగని వంటివి ఒరిగిన వైపుకు ఎదురుగా, అంటే కాండం పై వైపున, ప్రత్యేకమైన కట్టె పేర్చి తాడుతో లాగినట్లు తమను తాము పైకి లాక్కుంటాయి. దేవదారు జాతివి కింది వైపున పేర్చి పైకి నెట్టుకుంటాయి. ఆ లాగే కట్టెకు రంపం పెడితే నూలు పోగుల్లా లేస్తుంది. వడ్రంగికి దానితో చిరాకు. చెట్టుకు అదే ప్రాణం. ఊపు తగలని చెట్టు ఈ పనులేవీ చేయదు. దానికి అవసరం కనబడదు. ఉన్న ఆహారమంతా పెట్టి వెలుతురు కోసం పైకి పోతుంది.

సాయిలు చెట్లకు రెండు పక్కలా గోడలు, మూడు దిక్కులా తీగలు. శుద్ధి చేసిన నీరు రోజూ, ఎరువు నెలనెలా. పడిన చెట్లలో ఒకదాన్ని కోయించి మొదట్లో ఒక చక్క, మనిషి ఎత్తులో ఇంకొక చక్క తీయించాను. రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది కిందిదో, ఏది పైదో గుర్తు పెట్టకుండా చెప్పలేకపోయాను. మొదలూ నడుమూ ఒకే లావు. బోలు వెదురు నయం. రేంజ్ ఆఫీసుకు వచ్చిన ప్రతి కట్టెనూ మొదలేదో, కొసేదో చేత్తో తడిమి చెప్పగలనని నాకొక గర్వం ఉండేది. ఆ రెండు చక్కలకు మాత్రం సుద్దతో కింద, పైన అని రాసి పెట్టుకోవలసి వచ్చింది.

ఒక్కటి తక్కువైంది: పోల్చి చూపడానికి అదే వయసు, అదే జాతి చెట్టు. అది గేటు బయటే దొరికింది. నాటినప్పుడు మిగిలిన మొక్కల్లో ఒకదాన్ని లారీలు ఆగే చోట ఎవరో పాతారట. దానికి తీగ లేదు, నీళ్లు లేవు. లారీలు వెనక్కి తీసినప్పుడు ఎన్నిసార్లు గుద్దాయో, పోతూ వస్తూ ఎంత గాలి విసిరాయో. అది లోపలి చెట్లలో సగం ఎత్తు కూడా లేదు. ఒక పక్కకు ఒరిగి, మెడ మళ్లీ పైకి తిప్పుకుని చూడటానికి అనాకారిగా ఉంది. మొదలు మాత్రం నా రెండు చేతులకు అందలేదు. దాన్ని కోయనివ్వలేదు. చెట్టును చంపకుండా లోపలి కట్టె చూడటానికి మా దగ్గర బోలు బరమా ఉంటుంది. తిప్పితే పెన్సిలంత కట్టె పుల్ల బయటికొస్తుంది. రెండు పక్కల నుంచీ తీశాను. ఒరిగిన వైపు వార్షిక వలయాలు ఇరుకుగా, ఎదురు వైపు దాదాపు రెట్టింపు వెడల్పుగా ఉన్నాయి. ఆ పుల్ల కోసిన అంచు చేతికి నూలులా తగిలింది. నర్సింలు తన బూటుతో ఆ చెట్టును బలంగా తన్నాడు. ఆకు కదిలింది, మాను కదలలేదు. అతను టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

ఇక తీగలు అంత బిగించి ఎందుకు కట్టారన్నది మిగిలింది. దీనికి జవాబు ఎల్లవ్వ చెప్పింది. నాటిన మొదటి ఏడు గాలివానకు కొన్ని మొక్కలు వంగితే, అప్పటి అడ్మిన్ వాళ్లు ఒక కట్టడి పెట్టారట: వంగిన మొక్క కనబడిన రోజు మాలికి హాజరు పడదు, కూలి రాదు. "ఆ దినం సంది ఈయనకు గదే రంది. మబ్బు పట్టిందంటే బువ్వ ఇడిసిపెట్టి ఉరికేటోడు. బిడ్డ పెండ్లిల గూడ తాళి కట్టంగనే తీగెలు సూసొస్తనని పోయిండు" అంది. ఆ కట్టడి కాగితం మీద ఎక్కడా లేదు, కాని కాదని మూర్తి అనలేకపోయాడు. అప్పుడు తాను లేనన్నాడు. ఇప్పుడూ అమలులో ఉందా అని అడిగితే, క్రమశిక్షణ కోసం కొన్ని తప్పవండీ అన్నాడు. వంగితే జరిమానా పడే చోట వంగగలిగే చెట్టు పెరుగుతుందని ఎలా అనుకున్నారని నేను అడిగాను. ఆ కట్టడి సంగతి నివేదికలో రాయవద్దని మూర్తి కోరాడు. రాశాను.

ఆ రాత్రంతా ఊళ్లో ఏం నడిచిందో మరునాడు మా డ్రైవరు చెప్పాడు. సాయిలు మందు పోశాడన్న మాట ఊరంతా పాకింది. కాని ఎవరూ అతన్ని తిట్టలేదు. "పోస్తే పోసిండు. భూమి గుంజుకున్ననాడు కొలువిస్తమనలే?" అన్నారట హోటలు దగ్గర. "ఇన్నేండ్లకు ఒక్కడన్న మొగోడు పుట్టిండు" అని కూడా అన్నారట. చాలా కాలంగా సాయిలును కంపెనీవాళ్ల మనిషని ఎగతాళి చేసినవాళ్లే టీ తాగించబోయారట. అతను తాగలేదు, కాదనీ అనలేదు.

మరునాడు మధ్యాహ్నం గేటు దగ్గర, సెక్యూరిటీ గది నీడలో నివేదిక చదివాను. పద్ధతి ప్రకారం ఆరోపణ ఉన్న వ్యక్తికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, విన్నట్లు సంతకం తీసుకోవాలి. నర్సింలు, మూర్తి, పంచులుగా, అంటే సాక్షులుగా ఊరి పెద్దలిద్దరు, సాయిలు, ఎల్లవ్వ ఉన్నారు. గేటు కమ్మీల్లోంచి కనబడేట్లు ప్రహరీ అవతల మరికొందరు ఊరివాళ్లు నిలబడ్డారు. మట్టి, వేరు, బెరడు పరీక్షల్లో విష లక్షణాలు కనబడలేదని చదివాను. ఎల్లవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆరేళ్లపాటు ఊపు తగలకుండా బిగించి కట్టి ఉంచినందువల్ల కాండం మొదట్లో కావలసినంత కట్టె ఏర్పడలేదని, వంగితే హాజరు కోసే కట్టడి వల్ల మాలి అలా కట్టాడని, ఆసరా ఒక్కసారిగా తీసేయడంతో చెట్లు తమ బరువు తామే మోయలేకపోయాయని చదివాను. ఎవరి దురుద్దేశమూ లేదని ముగించాను. ఒక నిరపరాధిని కాపాడానన్న తృప్తితోనే కలం అతనికి అందించాను.

సాయిలు కలం అందుకోలేదు.

"అట్ల రాయకుండ్రి దొరా" అన్నాడు.

ఏది తప్పుగా ఉందో చెప్పమన్నాను.

"నేనే పోసిన అని రాసుకోండ్రి."

నాకు సరిగ్గా వినబడలేదనుకున్నాను. నర్సింలు కూడా అలాగే అనుకున్నాడు కాబోలు, మళ్లీ చెప్పమన్నాడు. సాయిలు ఈసారి గట్టిగా, గోడ అవతలివాళ్లకు కూడా వినబడేలా చెప్పాడు. మందు తానే పోశాడట. మూడు దినాల కింద పోశాడట. ఏ మందని ఎస్సై అడిగితే పేరు చెప్పలేకపోయాడు. ఎల్లవ్వ అతని భుజం పట్టుకుని ఊపేసింది. "ఏందయ్యా, బతుకు యాష్టకొచ్చిందా? సారు కాదని రాస్తుంటే నువ్వు అవునంటవేంది? జైల్ల నీకు బువ్వ ఎవలు తెస్తరు?"

అతను ఆమె వైపు తిరగలేదు. నాతోనే మాట్లాడాడు, గొంతు తగ్గించి. "పగతోని జేసిన్నంటే ఊరు ఒప్పుకుంటది. కంపెనోడు కూడ ఒప్పుకుంటడు. సాదుకుంట సంపిన్నంటే నేనెట్ల తిరుగాలె? కన్నబిడ్డలకంటే ఎక్కువ జూసిన. ఒక్క దినం గాలి తగులనియ్యలే. గదే తప్పని మీరు రాస్తిరి."

నా ఉద్యోగ కాలంలో దొంగ కలప మోసేవాళ్లు నేరం తమది కాదని నా కాళ్ల మీద పడటం చూశాను. చేయని నేరం తనమీద రాయమని బతిమాలినవాణ్ని అంతకుముందు చూడలేదు, తరువాతా చూడలేదు. తన చేతులతో పోగొట్టుకున్నదాన్ని పగవాళ్లెవరో గుంజుకున్నారని చెప్పుకోవడం తేలిక. ఈ సంగతి నాకు మా ఇంట్లోనే తెలుసు. మా పెదనాన్నలు చివరిదాకా అలాగే చెప్పుకున్నారు. కాని నివేదికలో ఒక్క అక్షరం కూడా మార్చనని సాయిలుకు చెప్పాను. అబద్ధపు ఒప్పుకోలు కూడా నేరమేనని చెప్పాను. ఆసరా విప్పే రోజు ఎప్పుడన్నది కంపెనీ నిర్ణయించవలసిందని, అతనికి ఆ మాట ఎవరూ గట్టిగా చెప్పలేదని కూడా చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "మీరు చెప్తిరి దొరా. వదులు జెయ్యుమని మీరొక్కరు చెప్తిరి. నేనే ఇనలే" అన్నాడు.

సంతకం పెట్టలేదు. వినిపించాము, సంతకానికి నిరాకరించాడు అని రాసి పంచుల చేత సంతకాలు చేయించాను. విషం కేసు అక్కడితో ముగిసింది. ప్రయోగశాల ఫలితం తరువాత వచ్చి అదే చెప్పింది. గోడ అవతల నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. సాయిలు భార్యను వెంటబెట్టుకుని, పడిన చెట్ల వైపు చూడకుండా ఇంటికి పోయాడు.

పురస్కారం ఇంకెవరికో వెళ్లింది. నా సూచన ప్రకారం చెట్లన్నింటినీ మోకాలి ఎత్తులో కోయించారు. మహాగని మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఒక్కో మోడుకు ఒక్కో చిగురు ఉంచి, ఏ ఆసరా లేకుండా పెంచాలని, గాలి ఆడేందుకు ప్రహరీ పై వరుసలు కొన్ని తీసేయాలని రాశాను. హాజరు కోత రద్దయింది. సాయిలు కొన్నాళ్లు పనికి రాలేదు. తరువాత వచ్చాడు. వేరే పని ఇస్తామన్నా వద్దన్నాడట.

పదవీ విరమణకు ముందు చివరి తనిఖీకి నేను అక్కడికి వెళ్లాను. చిగుర్లు మనిషి ఎత్తుకు వచ్చాయి. వంకర టింకరగా ఉన్నాయి. మొదళ్లు వేళ్లతో నొక్కి చూశాను, గట్టిపడుతున్నాయి. నేను కొలతలు తీసుకుంటుండగా పడమటి నుంచి గాలి లేచింది. మొక్కలన్నీ ఒక్కసారిగా వంగి లేచాయి. నీళ్లు పెడుతున్న సాయిలు గొట్టం కింద పడేసి గోదాము షెడ్డులోకి వెళ్లాడు. నేను వెనకే వెళ్లి చూశాను. మొక్కల వైపు వీపు పెట్టి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. గాలి పోయేదాకా ఇలాగే కూర్చుంటావా అని అడిగాను.

"సూస్తే చేతులు ఆగవు దొరా" అన్నాడు.

గాలి చాలాసేపు వీచింది. అతను లేవలేదు.

మొక్కకు ఆసరా కట్టేవాడు దాన్ని విప్పే రోజును కూడా ఆనాడే నిర్ణయించాలన్నది ఆ తరువాత నేను ఇచ్చిన ప్రతి ఆదేశంలో మొదటి షరతు. ఉద్యోగ పరంగా నేను నేర్చుకున్నది అది. రెండో సంగతి ఆదేశాల్లో రాసే వీలు లేనిది: నేరం లేదని తేల్చే నివేదిక మనిషిని జైలు నుంచి తప్పించగలదు, అంతవరకే. అంతకుమించి అది ఏదో చేస్తుందని రాసేవాడు అనుకోకూడదు.